ఛింగ్‌దావ్ మగ్గాలు, మాల్వా పెట్టెలు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా దిక్కు పోతే తెలుగు వినబడని గల్లీ అరుదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల మనవలు ఇప్పుడు అక్కడ సొంత కార్ఖానాలు నడుపుతున్నారు. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి బడిలో సాంఘికం చెప్పి రిటైరైన మేనమామ ఒకరు. పాత పవర్‌లూమ్‌లు తీసేసి వాటర్‌జెట్ మగ్గాలు పెట్టాలని చూస్తున్న మేనల్లుడు ఇంకొకరు. అల్లుడు మగ్గాలు బేరమాడటానికి చైనాలోని ఛింగ్‌దావ్ వెళ్ళొచ్చాడు. వస్తూ ఒక కొటేషన్, ఒక సందేహం వెంట తెచ్చుకున్నాడు. కొటేషన్ సంగతి మామకు పట్టలేదు.

అల్లుడు: పాత ఊరంతా జర్మనీ లెక్కనే ఉన్నది మామా. ఎర్ర పెంకుల ఇండ్లు, చర్చి, గవర్నర్ బంగళా, ఆఖరుకు బీరు ఫ్యాక్టరీ గూడ వాళ్ళు పెట్టిందేనట. 1898ల ఊరిని 99 ఏండ్ల లీజుకు రాసిచ్చిన్రట. అప్పటికి చైనాకు రాజు లేడా?

మామ: ఎందుకు లేడు? ఛింగ్ వంశపు గ్వాంగ్‌షూ ఉండె. ఆయన నెత్తి మీద పెద్దమ్మ త్సీషీ ఉండె. 1897 నవంబర్‌ల షాన్‌డాంగ్‌ల ఇద్దరు జర్మన్ పాద్రీలను చంపిన్రు. రెండు వారాలు తిరగకముందే జర్మనీ ఓడలు ఆ రేవుకొచ్చి కూసున్నయి. మల్లేడు లీజు కాయితం. అది చూసి రష్యావాడు పోర్ట్ ఆర్థర్ అడిగిండు, ఇంగ్లీషోడు వైహైవే అడిగిండు. అడిగినోనికల్లా ఇచ్చుడే.

అల్లుడు: నా సందేహమంతా ఆడ్నే. 1793ల ఇంగ్లండ్ రాయబారి మెకార్ట్నీ కానుకలు మోసుకొని పోతే, మీ సరుకులు మాకేం అక్కర్లేదని సాగనంపిన రాజ్యం కదా అది! వందేండ్లల్ల ఇంత దిగజారుడేంది? నాకు తోచింది చెప్తా. తెల్లోడు పడగొట్టలే. వాళ్ళంతట వాళ్ళే పడ్డరు.

మామ: బేరం చేసొచ్చిన కళ్ళు నీవి. అవతలోని మోసం వాటికి ఆనదు. పడ్డ సంగతి తర్వాత, ముందు ఎట్ల లేచిన్రో తెలుసా? వాళ్ళు చైనా వాళ్ళే కాదు. ఈశాన్యంల, గోడ అవతలి అడవుల జుర్చెన్ తెగలోళ్ళు. నూర్‌హాచీ అనేటోడు తెగలన్నిటినీ ఒక్కటి చేసి 1616ల రాజ్యం ప్రకటించిండు. మనుషులను ఎనిమిది జెండాల కింద పంచిండు. సైన్యమూ అదే, ఇంటి లెక్కా అదే, జీతమూ అందులోంచే. ఆయన కొడుకు హాంగ్ తైజీ తమ జాతికి మంచూ అని కొత్త పేరు పెట్టి, 1636ల రాజ్యానికి ఛింగ్ అని పేరు మార్చిండు. మంగోలులకు వేరే జెండాలు, లొంగిన హాన్ చైనీయులకు వేరే జెండాలు ఇచ్చి కలుపుకున్నడు. గుప్పెడు మందే. గోడ దాటే సత్తువ వాళ్ళకు లేకుండె.

అల్లుడు: మరెట్ల దాటిన్రు?

మామ: తలుపు తీసిన్రు. 1644ల లీ జిచెంగ్ అనే తిరుగుబాటుదారు బీజింగ్ పట్టుకున్నడు. మింగ్ వంశపు ఆఖరు చక్రవర్తి కోట ఎనక గుట్ట మీద ఉరిపోసుకున్నడు. గోడ తూర్పు కొసన షాన్‌హాయ్ కనుమ కాడ వూ సాన్‌గ్వీ అని మింగ్ సేనాని. ముందర మంచూలు, ఎనక తిరుగుబాటోళ్ళు. ఆలోచించుకొని మంచూలకు దారిచ్చిండు.

అల్లుడు: నేను చెప్పేది నువ్వే చెప్తున్నవ్ మామా! మింగ్‌లను గూడ బయటోడు గెలవలే. లోపల ఆకలి, తిరుగుబాటు, తలుపు తీసింది సొంత సేనాని. మన సూరత్ కోట గూడ అంతే కదా. 1759ల ఇంగ్లీషోళ్ళు కోట పట్టుకుంటే ఈడి వర్తకులే పట్టుకోమని వెనకేసుకొచ్చిన్రు అని నువ్వే చెప్పినవ్.

మామ: చెప్పిన. గని తలుపు తీసినాక ఇంట్ల ఉండుడు వేరే విద్య. మంచూలకు అది వచ్చు. మింగ్ చక్రవర్తికి మర్యాదగా అంత్యక్రియలు చేసిన్రు. పాత ఉద్యోగులను పాత కుర్చీలల్లనే కూసోబెట్టిన్రు. రెండేండ్లల్ల పరీక్షలు మల్ల పెట్టిన్రు. చదువుకున్నోనికి ఉద్యోగం దొరుకుతదంటే సగం కోపం చల్లారుతది.

అల్లుడు: జుట్టు సంగతి చెప్పవేం? ముందు తల గొరిగించుకొని ఎనక జడ ఏసుకోకపోతే తలకాయ తీస్తమన్నరు కదా?

మామ: ఆ హుకుం 1645ది. దాని మీద ఎదురు తిరిగిన ఊర్లల్ల రక్తం పారింది. నేనేం వాళ్ళను దేవుళ్ళంటలేను. 1661ల గద్దెనెక్కిన కాంగ్‌షీ మన ఔరంగజేబు కాలపోడు. వూ సాన్‌గ్వీకి, ఇంకో ఇద్దరు సేనానులకు దక్షిణాన ఇచ్చిన జాగీర్లు గుంజుకోబోతే 1673ల వాళ్ళు తిరగబడ్డరు. కాంగ్‌షీకి అప్పుడు పందొమ్మిదేండ్లు. ఎనిమిదేండ్లు కొట్లాడి 1681కి అణిచిండు. అదే ఏడు ఔరంగజేబు దక్కనుకు బయల్దేరిండు. ఎప్పటికీ ఢిల్లీ తిరిగి రాలే. సూరత్‌నైతే అంతకుముందే శివాజీ రెండుసార్లు ఊడ్చుకపోయిండు, 1664ల ఒకసారి, 1670ల ఇంకోసారి. ఇట్లాంటి రాజులు ఇద్దరు ఒకే కాలంల ఉంటే ఎవడు ఇల్లు చక్కబెట్టుకున్నడో కనబడతది.

ఔరంగజేబు మీద మామకు పాత కోపం ఉంది. మొగలుల దమ్ము పోయాకే సూరత్ రేవు బొంబాయికి దాసోహమైందని ఆయన నమ్మకం. తాపీ నది మేట వేసిన సంగతి గుర్తుచేస్తే వినడు.

అల్లుడు: సరే, కాంగ్‌షీ గొప్పోడే. గని ఆ గొప్పోడే ఓ తప్పు చేసిండు. 1712ల తల పన్ను లెక్క ఎప్పటికీ పెంచమని హుకుం ఇచ్చిండు. జనానికి ఖుషీ. కాని 1700ల పదిహేను కోట్ల చిల్లర ఉన్న జనం 1800కు ముప్పై కోట్లు దాటిన్రు, 1850కి నలభై కోట్లు దాటిన్రు. జిల్లాలు దాదాపు అన్నే, జిల్లా అధికారులు దాదాపు అందరే. జీతాలు తక్కువ. అప్పుడు అధికారి ఏం చేస్తడు? కింద గుంజుతడు. ఛియన్‌లాంగ్ కాలానికి హెషెన్ అనే కావలి సిపాయి మంత్రి అయి దేశాన్ని నమిలి మింగిండు. 1799ల ఛియన్‌లాంగ్ కన్నుమూసినంక కొడుకు హెషెన్‌కు పట్టుతాడు పంపి ఉరేసుకొమ్మన్నడు. అప్పటికే మూడేండ్లుగా తెల్ల కమలం తిరుగుబాటు నడుస్తున్నది. నల్లమందు యుద్ధం కంటే నలభై ఏండ్ల ముందు సంగతి ఇది!

మామ: లెక్క బాగ నేర్చినవ్. తిరుగుబాట్లు ఏ రాజ్యంల లేవు? దాన్ని 1804కు అణిచిన్రు కదా. అణిచినోడు లేస్తడు గూడ. లేవనియ్యకుండ చేసింది ఏంది? అది మన తీరం నుంచి పోయింది.

అల్లుడు: మన తీరమా?

మామ: ఇదే తీరం. ముందు పత్తి పోయేది. సూరత్, భరూచ్ పత్తి బొంబాయిల ఓడెక్కి కాంటన్‌ల దిగేది. బదులు చాయ్ ఆకు. ఇంగ్లండ్‌కు చాయ్ పిచ్చి పట్టింది, చైనోడు వెండి తప్ప తీసుకోడు. పత్తి ఒక్కటీ చాలలే. అప్పుడు నల్లమందు. బీహార్, కాశీ దిక్కు పండింది కంపెనీ గుత్తసొమ్ము. మాల్వాది అట్ల కాదు. సింధియా, హోల్కర్ ఇలాకాలల్ల పండింది, మన సేఠ్‌లు కొన్నది. కంపెనీ బొంబాయి దారి కట్టేస్తే రాజస్థాన్ మీదికెళ్ళి కరాచీకి, అక్కడ్నుంచి మన కిందనే ఉన్న పోర్చుగీసోళ్ళ డామన్‌కు, డామన్ నుంచి చైనాకు. ఆపలేక కంపెనీయే 1831 నుంచి పాసులు అమ్మి సుంకం తిన్నది. 1729ల చైనా మొదటిసారి నల్లమందు బంద్ చేసిననాడు ఏడాదికి రెండువందల పెట్టెలు. 1830ల ఆఖరుకు ముప్పై వేలు దాటినయి.

అల్లుడు: అందుల మనోళ్ళెవరు?

మామ: జంషెడ్జీ జీజీభాయ్ పేరు విన్నవా? బొంబాయిల జేజే దవాఖాన ఆయన సొమ్ముతోటి లేచిందే. మన పక్కనున్న నవసారి కుటుంబం. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే బొంబాయి చేరి, చైనాకు ఐదుసార్లు ఓడెక్కిండు. పత్తీ అమ్మిండు, నల్లమందూ అమ్మిండు. దానం గూడ అంత గట్టిగనే చేసిండు. నాన్‌పురాల ఒక పార్సీ ముసలమ్మ పెట్టె తెరిచి నాకు గారా చీర చూపించింది. ముదురు వంగపండు రంగు పట్టు మీద తెల్ల దారం కుట్టు. చిన్న వంతెన, దాని మీద విసనకర్ర పట్టుకున్న చైనా మనిషి, ఎదురుగ గొడుగు పట్టిన ఆడమనిషి, పైన కొంగలు. ఎనక తిప్పితే గూడ దారం ముడి కనబడదు. వాళ్ళ పెద్దలు కాంటన్‌ల కుట్టించుకొచ్చిన్రట. పోయిన ఓడల ఏం పోయిందని నేను అడగలే. ఆమెకూ తెలిసి ఉండదు.

అల్లుడు: పట్టు నేత గూడ అక్కడ్నుంచే తెచ్చిన్రు కదా. జోషీ అన్నదమ్ములు ముగ్గురు చైనా పోయి నేర్చుకొచ్చి ఇక్కడ తాంచోయ్ నేసిన్రని మా మార్కెట్‌ల పాత సేఠ్‌లు చెప్తరు. నేను మగ్గాలకు పోయినట్టే! అన్నీ పాపం వ్యాపారమే కాదు మామా. సరే, అమ్మినోడు మనోడు, మోసినోడు ఇంగ్లీషోడు. మరి కొన్నదెవడు? కాంటన్ అధికారులు లంచం తిన్నరు, వేగంగ పోయే చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చింది ఆడి దొంగలే. సిపాయిలు తాగిన్రు. రాజమహల్ దాక పోయింది. చట్టం ఉండి ఏం లాభం?

మామ: ఒక్కడు అమలు చేసిండు కదా! లిన్ జెషూ. 1839ల కాంటన్ వచ్చి విదేశీ వర్తకులను వాళ్ళ గిడ్డంగులల్లనే దిగ్బంధించి ఇరవై వేల పెట్టెల పైన కక్కించిండు. హూమెన్ కాడ సముద్రపు ఒడ్డున గుంతలు తవ్వించి, నీళ్ళు నింపి, ఉప్పు పోసి, నల్లమందు ముద్దలు కోసి నానబెట్టి, మీద సున్నం పోయించిండు. కుతకుత ఉడికి మట్టి లెక్క అయినంక తూము తెరిచి సముద్రంలకు వదిలిండు. ఇంత మురికి పోస్తున్న, జీవాలను దూరం పంపుకొమ్మని ముందే సముద్రానికి మొక్కిండట. మూడు వారాల పైన పట్టింది ఆ పని. అధికారి అంటే ఆయన. బహుమానం ఏంది? యుద్ధం వచ్చినంక చక్రవర్తి ఆయన్నే దేశం కొసకు తోలిండు.

అల్లుడు: చూసినవా! తోలింది చక్రవర్తి. ఇంగ్లీషోడు కాదు.

మామ: ఇంగ్లీషోడు ఓడలేసుకొని రాకుంటే తోలునా? ఇంకోటి విను. ఆ యుద్ధంల కొట్లాడింది ఇంగ్లీషోళ్ళే అనుకుంటున్నవా? మద్రాస్ 37వ నేటివ్ ఇన్‌ఫంట్రీ ఉన్నది. మద్రాస్ పటాలాలల్ల తెలుగోళ్ళు దండిగ ఉండేటోళ్ళు. 1841 మే ఆఖరున కాంటన్ పక్కన సాన్‌యువాన్‌లీ పొలాలల్ల వాన దంచికొట్టింది. ఆ పటాలంల ఒక కంపెనీ దారి తప్పింది. మందుగుండు తడిసి తుపాకులు పేలలే. చుట్టూ ఈటెలు, కొడవండ్లు పట్టుకున్న రైతులు. వానకు ఆగని కొత్తరకం తుపాకులున్న మెరైన్లు రాత్రి వెతుక్కుంటూ వచ్చి విడిపించిన్రు. చైనా బడి పుస్తకాలల్ల ఆ ఊరి పేరు ఇప్పటికీ ఉంటది. మన పుస్తకాలల్ల ఒక్క ముక్క లేదు. నేను గూడ పాఠంల లేదని ఏనాడూ చెప్పలే.

అల్లుడు కొంచెంసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని కాదు, తర్వాతి ఏళ్ళ లెక్క వేస్తున్నాడు.

అల్లుడు: 1842ల నాన్‌జింగ్ సంధి. హాంకాంగ్ పోయింది, ఐదు రేవులు తెరిచిన్రు, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు కట్టిన్రు. మరి రాజ్యం ఎప్పుడు పడ్డది? 1912ల. నడుమ డెబ్బై ఏండ్లు! తెల్లోడు కావాలనుకుంటే 1860లనే పడగొట్టు. బీజింగ్ దాక వచ్చి తోటల మహల్ కాలవెట్టి పోయిండు కదా. గద్దెను ఎందుకు ముట్టలే? సంతకం పెట్టే చెయ్యి కావాలె కాబట్టి. గద్దెను నిజంగ కదిలించింది తైపింగ్‌లు. పరీక్షల మాటిమాటికి తప్పిన హాంగ్ షియూచువాన్ తను ఏసు తమ్ముణ్ణన్నడు, 1853ల నాన్‌జింగ్ పట్టి పదకొండేండ్లు ఏలిండు. తక్కువల తక్కువ రెండు కోట్ల మంది చచ్చిన్రు. ఎనిమిది జెండాల సైన్యం ఎందుకూ పనికిరాలే. జెంగ్ గువోఫాన్ హునాన్‌ల సొంతంగ సైన్యం కట్టి గెలిపిచ్చిండు. సరుకు మీద కొత్త సుంకం ఏసుకొని ఆ సొమ్ము రాష్ట్రాలే వాడుకున్నయి. ఇగ ఆ దినం నుంచి కత్తీ, పైసా రెండూ బీజింగ్ చేతులకెళ్ళి జారినయి. నా లెక్కల ఛింగ్ పడ్డది అప్పుడు.

మామ: మంచి మాట. గని తైపింగ్ ఏడ పుట్టింది? కాంటన్ చుట్టుపక్కల, గ్వాంగ్‌షీ కొండలల్ల. ఎందుకాడ? దేశం సరుకంతా కాంటన్‌కే మోసుకొచ్చే దారులు ఉండె. ఐదు రేవులు తెరిచినంక వ్యాపారం షాంఘైకి మళ్ళింది. కొండదారుల కూలీలు, పడవలోళ్ళు పని లేక రోడ్డున పడ్డరు. హాంగ్ చదివింది గూడ పాద్రీలు పంచిన పుస్తకమే. లోపల పుట్టిన రోగమైనా బయటి గాలి సోకకుండ ముదరలే.

అల్లుడు: తర్వాతన్న మేల్కొన్నరా? జపాన్ మన కండ్ల ముందటనే మారింది. 1895ల అదే జపాన్ కొడితే 20 కోట్ల తాయెల్‌ల వెండి కట్టిన్రు.

మామ: అది రాజ్యం ఏడాది రాబడికి రెట్టింపు కన్న ఎక్కువ. ఇగ 1900 బాక్సర్ల గొడవ అయినంక 45 కోట్లు, వడ్డీ వేరే, 39 ఏండ్ల కిస్తీలు. బీజింగ్ మీద పోయిన ఎనిమిది దేశాల సైన్యంల మన ఏడో రాజపుత్ పటాలమూ ఉన్నది. అందుల గదాధర్ సింగ్ అనే సిపాయి ‘చీన్ మే తేరహ్ మాస్’ అని పుస్తకం రాసిండు. చైనా వాళ్ళ గోస చూసి మనసు ఆగలే ఆయనకు. జేబు ఖాళీ చేసినోడే, ఎందుకు బాగుపడలేదని అడుగుతడు.

అల్లుడు: జేబు ఖాళీ కాకముందే 1898ల గ్వాంగ్‌షూ మారుస్తనన్నడు కదా. నూరు దినాలు తిరగంగనే పెద్దమ్మ ఆయన్ని లంకలున్న తోటల బంధించింది. ఎవరు ఆపిన్రు? జర్మనీయా?

మామ: ఆపింది ఆమెనే. గని 1901 తర్వాత ఆ పనులన్నీ చేసింది గూడ ఆమెనే. 1905ల పదమూడు వందల ఏండ్ల పరీక్షలు రద్దు. కొత్త సైన్యం. పిల్లలను వేలకు వేలు జపాన్ చదువుకు పంపిన్రు. 1909ల రాష్ట్ర సభలు. మారనందుకు పడ్డరని నువ్వంటవ్. మారినందుకు పడ్డరు అల్లుడా! జపాన్‌ల చదివొచ్చిన పిల్లలే విప్లవం అన్నరు. కొత్త సైన్యమే తుపాకి తిప్పింది. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుందమని కూసున్న ఊరి పెద్దకొడుకుకు ఇగ ఆ రాజ్యంతోటి పనేముంది?

అల్లుడు: అట్లని గాదు. పాత షటిల్ మగ్గానికి మూడింతల స్పీడ్ మోటర్ బిగిస్తే ఏమైతది? ఫ్రేమ్ పగులుతది. మోటర్ తప్పంటవా? 1911 మే నెలల మొదటి మంత్రివర్గం పెట్టిన్రు. పదముగ్గురిల హాన్ వాళ్ళు నలుగురే. మిగిలినోళ్ళల్ల రాజు చుట్టాలే ఎక్కువ. లేచిన నాడు మంగోలుకొక జెండా, హాన్‌కొక జెండా ఇచ్చి కలుపుకున్నోళ్ళు, ఆఖరు నాడు కుర్చీలు ఇంట్లోళ్ళకే పంచుకున్నరు. మల్లదినమే రైలుదార్లన్నీ సర్కారువి అని ప్రకటించిన్రు.

మామ: ఆ రైళ్ళకు అప్పిచ్చింది నాలుగు దేశాల బ్యాంకులు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా.

అల్లుడు: అవును, గని సిచువాన్‌ల షేర్లు కొన్నది ఊరి జనం. పన్నుతోటి కలిపి గుంజిన పైసలు. అవి పూర్తిగ వాపసు ఇయ్యమంటే జనం రోడ్డెక్కిన్రు. అణచడానికి వూచాంగ్ నుంచి సైన్యాన్ని సిచువాన్ పంపిన్రు. వూచాంగ్ పలచబడ్డది. అక్టోబర్ 9న హాంకౌల రష్యా వాళ్ళ వాడల విప్లవకారులు చేస్తున్న బాంబు చేతులల్లనే పేలింది. పోలీసులకు పేర్ల పట్టీ దొరికింది. పేరున్న సిపాయిలు ఎట్లాగూ ఉరే అనుకున్నరు, పదో తారీఖు రాత్రి లేచిన్రు. రెండు నెలలల్ల సగం పైన రాష్ట్రాలు ఎడబాసినయి. ఒక్క విదేశీ ఓడ గూడ గుండు పేల్చకుండ 1912 ఫిబ్రవరి 12న లాంగ్‌యూ రాణి ఆరేండ్ల రాజు పూయీ పేరు మీద గద్దె దిగుతున్నమని కాయితమిచ్చింది. దాని బదులు పూయీకి ఏటా నలభై లక్షల పెన్షన్, ఉండటానికి కోట. వీళ్ళను పడగొట్టింది బయటోడంటవా?

మామ: రాజు దిగిండు. అప్పు దిగిందా? బాక్సర్ కిస్తీలు రిపబ్లిక్ నెత్తికి వచ్చినయి. కట్టనని అననీకి లేదు, రేవులల్ల కస్టమ్స్ విదేశీ అధికారుల చేతుల ఉన్నది. సుంకం వసూలైన కాడ్నే కోసుకొని మిగిలింది ఇచ్చేటోళ్ళు.

అల్లుడు: కస్టమ్స్ వాళ్ళ చేతికి ఎట్ల పోయింది మామా? 1853ల చిన్న కత్తుల ముఠా షాంఘై పట్టుకుంటే ఛింగ్ సుంకం కచ్చేరి లేచిపోయింది. మల్లేడు కాన్సల్‌లు తమ మనుషులను కూసోబెట్టిన్రు. ఆ ముఠా ఇంగ్లండోళ్ళా? సొంత జనమే కదా?

మామ: సొంత జనమే. కాంటన్, ఫుజియన్ నుంచి షాంఘైకి పని వెతుక్కుంటూ వచ్చినోళ్ళు. వాళ్ళ ఊర్ల పని ఎందుకు లేకపోయింది, ఏ సంధి తర్వాత లేకపోయింది, అది చెప్పి నీ కొటేషన్ తియ్యి.